మట్టయ్య కుడిచేతి దారం

విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులు పొద్దున్నే ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర ఆగగానే సగం ఖాళీ అవుతాయి. ఆ దిగే జనంతో పాటు, సంచుల మధ్య, అప్పుడప్పుడు ఒక తెల్ల థర్మకోల్ పెట్టె కూడా దిగేది. దాని కోసం మట్టయ్య ఆరింటికే వచ్చి నిలబడేవాడు. పెట్టెను రెండు చేతులా అందుకుని, షేర్ ఆటోలో కూర్చుని, ఒడిలో పెట్టుకునేవాడు.

“శాపలా పెద్దాయనా?” అని అడిగేవాడు ఆటోడ్రైవరు, కారుతున్న మంచునీళ్లు చూసి.

“కావు బిడ్డా.”

“రొయ్యలా మరి? ఒక్కనివే తింటవా గన్ని? జర మాకు గూడ ఇయ్యరాదు.”

“తినేటియి గావు. తినీ తినీ సచ్చినయి.”

ఆ తర్వాత ఆటోలో ఎవరూ మాట్లాడేవారు కాదట. మట్టయ్యే నవ్వుతూ చెప్పేవాడు నాకు.

పెట్టెలో ఉండేవి సముద్రపక్షులు. తుఫానుల తర్వాత, వానాకాలం ఈదురుగాలుల తర్వాత, కోస్తా ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన పక్షులను అక్కడి కొందరు ఏరి, ఐసులో పెట్టి మాకు పంపేవాళ్లు. మాది ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టైల్స్ దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న చిన్న ల్యాబు. బోరు నీళ్లు, మినరల్ వాటర్ ప్లాంట్ల నీళ్లు పరీక్షించడం మా రోజువారీ పని. ఏడాదిన్నర కిందట మా సార్ రామారావు గారు ఒక అధ్యయనం ఒప్పుకున్నారు. ఆ పక్షుల కడుపుల్లో ఎంత ప్లాస్టిక్ ఉందో, ఎలాంటిది ఉందో తేల్చాలి. నేను కెమిస్ట్రీ చదివాను. మైక్రోస్కోప్ కింద దొరికినవాటిని గుర్తుపట్టడం నా పని. పక్షిని తెరవడం మట్టయ్య పని.

సముద్రానికి ఇంత దూరంలో, సముద్రం ఒక్కసారీ చూడని మనిషి, ఆ పని మాలో ఎవరికన్నా బాగా చేసేవాడు.

మట్టయ్యది నల్లగొండ దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్లప్పుడు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఒక జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేరాడు. ఇరవయ్యేడేళ్లు అక్కడే. కప్పను మైనపు ట్రేలో పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చి, గుండె ఇంకా కొట్టుకుంటుండగా తెరిచి చూపించడం ఆయనకు చేతనైనట్టు లెక్చరర్లకు కూడా చేతకాదని చెప్పుకునేవారు. ఆ గల్లీల్లో చదివి డాక్టర్లయినవాళ్లు ఇప్పటికీ రోడ్డు మీద కనపడితే “కప్పల మట్టయ్యా, బాగున్నవా?” అని పలకరిస్తారు. తర్వాత కప్పల్ని కొయ్యొద్దన్నారు, తెర మీద బొమ్మలు చూపించడం వచ్చింది, ల్యాబు గదిని హాస్టలు పిల్లల భోజనాల గది చేశారు. మట్టయ్య కొన్నాళ్లు ఒక కోచింగ్ సెంటరు గేటు దగ్గర కాపలా ఉన్నాడు. రామారావు గారు గుంటూరు వైపు మనిషి. పాతికేళ్ల కిందట అదే కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పారు. పక్షుల పని రాగానే ఆ గేటు దగ్గరికి వెళ్లి, “మీ చెయ్యి కావాలండీ మట్టయ్యగారూ, ఆ గేటు కుర్చీ వదిలేసి వచ్చెయ్యండి,” అన్నారు.

మొదటి పక్షి నాకు బాగా గుర్తు. పైన గోధుమరంగు, ముక్కు కొస వంకర, రెక్కలు శరీరం కన్నా చాలా పొడుగు. నేలను ముట్టకుండా నెలల తరబడి అలల మీద తిరిగే రకం. మట్టయ్య కత్తెర పట్టుకునే ముందు దాని రెక్క ఒకటి మెల్లగా చివరిదాకా చాపాడు, మళ్లీ మడిచాడు. ప్రతి పక్షికీ అట్లాగే చేసేవాడు. ఎందుకని నేను అడగలేదు. తర్వాత పొట్ట మీద వేలు పెట్టి నొక్కి, తల ఊపాడు.

“నిండ తిన్నది మేడం ఇది.”

కానీ రొమ్ము ఎముక కత్తిలా పైకి పొడుచుకొచ్చింది. కండ అసలు లేదు. కందనకాయకు ఎక్కడా గాటు పడకుండా తెరిచి, లోపలిదంతా జల్లెడలోకి వంచి కడిగాడు. చేపముల్లు ఒక్కటి లేదు. తెల్లవి, నీలివి, పచ్చవి, గోళ్లంత ముక్కలు. ఆవగింజలంత పూసలు. సీసా మూత కింద ఉండే ఉంగరం సగం. కొన్ని కంటికి ఆనవు, మైక్రోస్కోప్ కింద తప్ప.

నేను ఆయనకు చెప్పాను: సముద్రంలో నానిన ప్లాస్టిక్ మీద నాచు పెరుగుతుంది, దానికి ఆహారం వాసనే వస్తుంది, పక్షి మోసపోతుంది. లోపలికి వెళ్లింది అరగదు, బయటికి పోదు. గీసుకుని గీసుకుని కడుపు గోడ పుండై, మచ్చ కట్టి, గట్టిపడిపోతుంది. తల్లి గూటికి వచ్చి తాను మింగినదే కక్కి పిల్ల నోట్లో పెడుతుంది కనుక, ఎగరడం రాని పిల్ల కడుపులోనూ ఇదే ఉంటుంది.

మట్టయ్య కందనకాయను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్నాడు.

“కడుపు నిండుగ ఉంది, ఆకలితోని సచ్చింది. తల్లి పెట్టిందని తిన్నది,” అన్నాడు చివరికి. “గిట్లనా మేడం సావు?”

అన్నీ అయ్యాక ఖాళీ పొట్టను తెల్లటి నూలుదారంతో కుట్టేసేవాడు. ఎలాగూ కాల్చేసేవే, కుట్టక్కర్లేదని రామారావు గారు చెప్పినా వినలేదు. “తెరిసి పంపుడు బాగుండదు సార్,” అనేవాడు.

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద భయం మన ఒంటి మీది బట్టల పీచే. గాల్లో ఎగిరే ఒక పోగు గిన్నెలో పడితే అది పక్షి కడుపులోదా, మన చొక్కాదా తెలియదు. అందుకే నియమాలు. నైలాను చీర వద్దు, పాలిస్టర్ చొక్కా వద్దు, పైన నూలు కోటు ఉండాలి. పక్షిని తెరిచిన ప్రతిసారీ పక్కన ఒక ఖాళీ గాజు పళ్లెం మూత తీసి పెట్టాలి. గాల్లోంచి ఏదైనా రాలితే అందులోనూ రాలుతుంది. చివర్లో అందులో ఎన్ని పోగులు పడ్డాయో లెక్కచూసి, పక్షి లెక్కలోంచి తీసేయాలి.

డిసెంబరులో నేను కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చాను. బాబుకు నాలుగు నెలలు, వాణ్ని మలక్‌పేటలో మా అత్తమ్మ దగ్గర వదిలి మెట్రో ఎక్కేదాన్ని. ఆ మొదటి వారం నా తల అక్కడే ఉండేది. ఒకరోజు ఖాళీ పళ్లెంలో రెండు పోగులు కనపడ్డాయి. “కాకా, ఇందులో ఏమీ పడకూడదు!” అని కసిరి, ఫోను మోగితే బయటికి వెళ్లాను. నేను అన్నది అంతే. ఆ పళ్లెం ఎందుకు తెరిచి ఉంచాలో ఆయనకు ఎవరమూ ఎప్పుడూ వివరించలేదు.

మర్నాటి నుంచి మట్టయ్య పక్షిని తెరిచేటప్పుడు ఆ పళ్లేనికి మూత పెట్టడం మొదలుపెట్టాడు. పని అయిపోయాక మూత తీసి నాకిచ్చేవాడు. అది ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. “చూశావా అరుణజ్యోతీ, ల్యాబంటే ఇలా ఉండాలమ్మా!” అని రామారావు గారు మురిసిపోయేవారు.

జనవరిలో మట్టయ్య కుడిచేతికి ఎర్రదారం వచ్చింది.

మట్టయ్య కూతురు విజయశ్రీది పెద్ద అంబర్‌పేట్. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. పెళ్లైన నాలుగేళ్లలో రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ అయిదో నెలలో పోయింది. మూడోసారి నిలవగానే మట్టయ్య, భార్య అండాలమ్మ ఊరికి పోయి, అక్కడి దర్గాలో మొక్కుకున్నారు. ఆ చుట్టుపక్కల హిందువులూ ముస్లిములూ అందరూ మొక్కే చోటే అది. మొక్కినవాడి చేతికి దారం కడతారు. బిడ్డ పుట్టాక మళ్లీ అక్కడికే పోయి విప్పించుకుని, చక్కెర పంచాలి. దానంతట అది తెగితే తప్పులేదు, ఇంకోటి కట్టుకోవచ్చు. తన చేతులతో తెంపుకుంటే మాత్రం మొక్కును వెనక్కి తీసుకున్నట్టే.

“అదేంటి కాకా?” అని అడిగాను నేను, నియమాలు గుర్తొచ్చి.

“దారమే బిడ్డా. నూలుదే.”

ఆయన చిన్నప్పటి నుంచీ ఆ దర్గాలో కట్టే దారం నూలుదే. నేనూ అడ్డుచెప్పలేదు. మా వాడి కాలికి మా అమ్మ కట్టిన నల్లదారం ఉంది. అడ్డుచెప్పే మనసు రాలేదు. ఆయన దాన్ని గ్లవ్ అంచు పైకి తోసుకుని, కోటు చేతిని కిందికి లాక్కుని పనిచేసేవాడు.

జనవరి నుంచే ఎర్రపోగులు కనపడటం మొదలైంది. పద్దెనిమిదో పక్షి దాకా ఎర్రవి దాదాపు లేవు. పంతొమ్మిదో పక్షిలో ఏడు, ఇరవైలో పన్నెండు. తర్వాత ప్రతి పక్షిలోనూ. రామారావు గారికి ఉత్సాహం ఎక్కువైంది. ఆ పెట్టెలు కొత్త తీరం నుంచి వచ్చాయి. అక్కడ ఒక ఊరి పడవలవాళ్లు ఎర్రటి తాళ్లు వాడతారని ఆయనకు తెలిసింది. ఆ తాళ్లే నలిగి పోగులై పక్షుల్లోకి పోతున్నాయని రిపోర్టులో ఒక పేజీ రాశారు. ఆ తాళ్లు మాన్పించమని పైకి రాయాలన్నారు. ఎర్రగీత పైపైకి పోతున్న గ్రాఫు గోడకు అంటించారు. మట్టయ్య దాని ముందు నిలబడి చూసేవాడు.

“పాపం, గా పడవలోళ్లు మల్ల కొత్త తాళ్లు కొనుక్కోవాలెనా సార్?”

“తప్పదండీ. పక్షులు చస్తుంటే చూస్తూ ఊరుకుంటామా?”

జూన్‌లో విజయశ్రీకి ఎనిమిదో నెల పడింది. అయిదు దాటింది, ఆరు దాటింది, ఏడు దాటింది. ఒక్కో నెల దాటినప్పుడల్లా మట్టయ్య నాకొక మాట చెప్పేవాడు, గట్టిగా చెబితే ఏమైనా వింటుందేమో అన్నంత మెల్లగా.

ఆ శనివారం మధ్యాహ్నం ముప్పై తొమ్మిదో పక్షి. తెరవడం అయిపోయింది. నేను బాటిల్ నీళ్లు తెచ్చుకోవడానికి లేస్తే, ఆయన నా స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోప్‌లో చూస్తున్నాడు. అట్లా చూడటం ఆయనకు ఇష్టం. పళ్లెం కొంచెం జరపడానికి కుడిచెయ్యి చాపాడు. కోటు చెయ్యి వెనక్కి జారింది. తర్వాత ఆయన చెప్పిన దాన్నిబట్టి, కింద వెలుతుర్లో ఒకే చోట రెండూ కనపడ్డాయి. పక్షి కడుపులోని ఎర్రపోగు, దాని పక్కనే తన చర్మం మీద మోకులా లావుగా ఎర్రదారం. దాని అంచుల నుంచి పోగులు లేచి ఉన్నాయి. అదే రంగు, అదే మెలిక.

నేను తిరిగొచ్చేసరికి స్పిరిట్ దీపం వెలుగుతోంది. పీచు ప్లాస్టికో కాదో తేల్చడానికి మేము సూదిని ఎర్రగా కాల్చి దాని దగ్గరికి తెస్తాం. నూలైతే మాడి బూడిదవుతుంది. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని పూస కడుతుంది. ఆ పరీక్ష ఆయనకు నేనే నేర్పాను. మణికట్టు మీది ముడి నుంచి వేలాడుతున్న కొస దగ్గరికి ఆయన సూదిని తెచ్చి ఉన్నాడు. కొస మీద ఎర్రటి చిన్న పూస.

“బిడ్డా, జర ఇటు రా,” అన్నాడు. “గిది నూలు గాదు.”

నాకు ఒక్కసారిగా గోడ మీది గ్రాఫు కళ్ల ముందుకొచ్చింది. కానీ మనకు ఖాళీ పళ్లెం ఉంది కదా అనుకున్నాను. దారం పోగులు రాలితే అందులోనూ రాలాలి. అందులో ఎప్పుడూ ఏమీ లేదు.

“కాకా, పక్షిని తెరిచేటప్పుడు ఆ ఖాళీ పళ్లెం తెరిచే ఉంటుంది కదా?”

“లేదు. మూత వెడ్త.”

“మూతా? ఎందుకు?”

“నువ్వే జెప్పినవ్ గద, దాంట్ల ఏం పడొద్దని.”

కూర్చున్నాను. ఆయన నన్ను చూసి భయపడ్డాడు. తప్పు నాదని చెప్పాను. ఆయన అది విన్నట్టు లేదు. గోడ వైపు చూస్తున్నాడు.

“ఇరవయ్యొక్క పిట్టలు,” అన్నాడు. “నేనే పెట్టిన. నా చేతులతోని.”

“తెరిచాక మన గిన్నెల్లో పడ్డాయంతే కాకా, వాటి కడుపులో కాదు. అవి అప్పటికే చచ్చిపోయాయి.”

“తెల్సు. తెల్సు గానీ...”

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా వాడి కాలి దారం కొస తెంపి కాల్చి చూశాను. ముడుచుకుపోయింది. మిగతా దారాన్ని వాడి కాలికే ఉంచాను. ఇప్పటికీ ఉంది.

సోమవారం నేనే ఒక దారి వెతికిపెట్టాను. రామారావు గారికి ఇప్పుడే చెప్పొద్దు. దారం మీద నూలుగుడ్డ పట్టీ బిగించి కడదాం, కాన్పు కాగానే ఎలాగూ విప్పేస్తారు, అప్పుడు నిమ్మళంగా లెక్క సరిదిద్దుదాం. ఏడెనిమిది వారాలే కదా.

మట్టయ్య ఒప్పుకోలేదు. “పడవలోళ్ల మీదికి పోతది ఈలోపల. ఒకసారి మూత పెట్టే గింత చేసిన. ఇంకో మూత వెట్టమంటవా?”

తనే లోపలికి పోయి చెప్పాడు. అద్దాల తలుపు అవతల నుంచి నాకు వినపడుతూనే ఉంది.

“ఏంటండీ మట్టయ్యగారూ! ఏడాదిన్నర పని! రిపోర్టు ఇంకో రెండు వారాల్లో పంపాలండీ!” రామారావు గారి గొంతు పెద్దదే, కానీ ఎక్కువసేపు అరవలేరు. కాసేపటికి తగ్గింది. “సరే, ఆ దారం పోగులు రెండు ఇవ్వండి. ప్లాస్టిక్ రకం తేల్చే మెషిన్‌లో పెట్టి, అచ్చం దాంతో కలిసినవన్నీ తీసేద్దాం. కానీ అవి తీసేస్తే, నిజంగా పక్షుల్లో ఎర్రవి అసలున్నాయో లేవో మనకి తెలీదు కదా. ఫ్రీజర్లో ఇంకా నాలుగున్నాయి. వాటిని శుభ్రంగా, పళ్లెం తెరిచిపెట్టి చెయ్యాలండి. చేతికి ఏమీ లేకుండా. పట్టీలూ గిట్టీలూ నేను నమ్మను.”

“నేను దూరంగుంట సార్. మేడం కోస్తది.”

నేను కోశాను. నలభయ్యో పక్షి. కందనకాయ నా కత్తెర కొసకు చిల్లుపడి, లోపలిదంతా రక్తంలో కలిసిపోయింది. దాన్ని లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది. మిగిలినవి మూడు. మట్టయ్య గుమ్మం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, నేను పాడుచేయడం మొత్తం చూశాడు. తర్వాత వచ్చి, దాన్ని కుట్టేశాడు.

అండాలమ్మ మర్నాడు ల్యాబుకు వచ్చింది. నేను ఆమెను అంతకుముందు రెండుసార్లు చూశాను, నవ్వు ముఖం. ఇప్పుడు లేదు. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“నువ్వు గూడ తల్లివే గదమ్మా. ఈయనకు సెప్పు. నిన్నటి సంది అన్నం ముడ్తలేడు. సచ్చిన పిట్టల కోసం కడుపుల ఉన్న పిల్ల పానం మీదికి తెస్తడట!”

“నేనేం తెంపుతనన్ననా?” అన్నాడు మట్టయ్య.

“అనలే. ఆలోచన జేస్తున్నవ్. నీ మొకం నాకెరుక లేదా? ముప్పై ఏండ్ల సంది సూస్తున్న.”

“అండాలూ, గది ఎర్ర ప్లాస్టికు. దారం గాదు.”

“ప్లాస్టికో గీస్టికో. దేవునికి తెల్వదా ఏది నూలో ఏది కాదో? కట్టినాయన మొక్కు మొక్కే గద? అమ్మా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వు జెప్పు.”

దారానికీ పిల్లకూ సంబంధం లేదని నా చదువు చెబుతుంది. ఆ మాట ఆమె ముఖంలోకి చూస్తూ అనలేకపోయాను. “కాకా ఇష్టం,” అన్నాను. అదే అన్నిటికన్నా పిరికి మాట.

ఆమె పక్కకు తిరిగి, ట్రేలో కరుగుతున్న పక్షిని చూసింది. రెక్క ట్రే అంచు దాటి వేలాడుతోంది. “ఎంత పొడుగున్నదో,” అంది, కోపం మరిచి ఒక్క క్షణం. వెంటనే వెళ్లిపోయింది.

మట్టయ్య ఆ రోజు ఏం చేయలేదు. ఆ మర్నాడూ ఏం చేయలేదు. కరిగిన పక్షిని మళ్లీ గడ్డకట్టించకూడదు, ఫ్రిజ్‌లో రెండు రోజులకన్నా ఆగదు. గురువారం పొద్దున నేను వచ్చేసరికి ఆయన నాకన్నా ముందే కోటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కూతురికి ఫోను చేశావా అని అడిగాను. చేశానన్నాడు. చెప్పావా అన్నాను.

“ఏం జెప్పను? తిన్నవా అని అడిగిన. తిన్నన్నది.”

అప్పుడు ఎడమచేత్తో కత్తెర తీసుకున్నాడు, పక్షులను కోసే కత్తెరే. దారం కింద కొస దూర్చడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. రెండుసార్లూ జారింది. నేను సాయం చేస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. తన మొక్కు తనే తెంపాలనుకున్నాడో ఏమో. మూడోసారి తెగింది. గాజు సీసాలో వేసి, మూత బిగించి, చీటీ మీద తేదీ రాశాడు. పేరు దగ్గర ఏం రాయాలో తెలియక నా వైపు చూశాడు. నాకూ తెలియలేదు. అక్కడ ఖాళీ వదిలేశాం.

మణికట్టు మీద దారం ఉన్న మేర తెల్లటి గీత.

మిగిలిన మూడు పక్షులనూ వారం రోజుల్లో తెరిచాడు. ఖాళీ పళ్లెం పక్కనే తెరిచి ఉంది, శుభ్రంగా ఉంది. నలభై ఒకటో పక్షిలో ఎర్రపోగు లేదు. నలభై రెండులో లేదు. నలభై మూడోది చిన్నది, ఆ ఏడే ఎగరడం నేర్చినది, మెడ దగ్గర ఇంకా పిల్ల నూగు ఉంది. దాని కడుపులో మూడు ఎర్రపోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. మెషిన్‌లో పెట్టాం. దారంతో కలవలేదు. వేరే రకం ప్లాస్టిక్.

“ఇవి నావి గావు?” అన్నాడు మట్టయ్య.

“కావు కాకా.”

ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. “మరి ఎవరియి?” అన్నాడు. ఆ మాట మీద ఆ రోజంతా ఉన్నాడు.

రామారావు గారు తాళ్ల పేజీ చింపేశారు. జరిగిన పొరపాటు, మూత సంగతి, నా మాట సంగతి అన్నీ రిపోర్టు వెనక రాశారు. పీచు లెక్క పోయినా ముక్కల లెక్క నిలబడింది. తెరవగలిగిన నలభై రెండు పక్షుల్లో ముప్పై ఆరింటి కడుపులో ప్లాస్టిక్ ఉంది.

రిపోర్టు పంపిన నాలుగో రోజు మట్టయ్య పనికి రాలేదు. ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం అల్లుడు మాట్లాడాడు. విజయశ్రీకి బీపీ ఎక్కువై, పొద్దున్నే దవాఖానకు తీసుకొచ్చారు. ముప్పై నాలుగు వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. కిలో ఎనిమిది వందలు. అద్దాల పెట్టెలో పెట్టారు.

సాయంత్రం పోయాను. నడవాలో ఒక బెంచీ ఈ చివర మట్టయ్య, ఆ చివర అండాలమ్మ. మధ్యలో ఇద్దరు కూర్చునేంత జాగా. దారం తెగిన రోజు నుంచీ ఆమె ఆయనతో మాట్లాడటం లేదని నాకు తెలుసు. మాట్లాడకుండా అన్నం పెడుతోంది, అంతే. కూతురికి స్పృహ వచ్చింది, బాగానే ఉంది. పిల్ల సంగతి డెబ్బై రెండు గంటలు గడిస్తేగానీ చెప్పలేమన్నారట.

బీపీకీ దారానికీ సంబంధం లేదని, ఇట్లాంటివి ఎంతమందికో అవుతాయని నేను చెప్పాను. ఇద్దరిలో ఎవరూ కాదనలేదు. ఎవరూ విననూ లేదు.

పదమూడో రోజు మళ్లీ పోయాను. పిల్ల నిలబడింది. తనంతట తాను ఊపిరి తీసుకుంటోంది, గొట్టం తీసేసి, ముక్కున్న ఉగ్గుగిన్నె లాంటి పాలాడైతో పాలు పడుతున్నారు. అండాలమ్మ, కూతురు, అల్లుడు అందరూ ఎత్తుకున్నారు. మట్టయ్య మాత్రం అద్దం అవతల నుంచే చూస్తున్నాడు. ఎవరూ వద్దనలేదు. తనే పోవడం లేదు.

నేను పక్కన నిలబడ్డాను. లోపల నర్సు పిల్ల నోటికి పాలు అందిస్తోంది, తెల్లటి ప్లాస్టిక్ పాలాడైతో. పిల్ల గొంతు కదులుతోంది. మట్టయ్య దాన్నే చూస్తున్నాడు.

“బిడ్డా, ఒకటడుగుత. నాకు అబద్ధం జెప్పకు.”

“అడుగు కాకా.”

“పిల్ల కడుపుల గూడ ఉంటయా?”

ల్యాబులో తన దారం సంగతి తానే చెప్పుకున్న మనిషి అడుగుతున్నాడు. కాదంటే నమ్ముతాడు. తల్లి కడుపులోని మాయలో ప్లాస్టిక్ రేణువులు దొరికాయని, పుట్టిన పిల్లల మొదటి మలంలోనూ దొరికాయని నేను చదివాను. మా వాడు పుట్టిన వారానికే, పాలిస్తూ చదివాను.

“ఉండొచ్చు కాకా.”

“పుట్టకముందుకెల్లే?”

“ముందు నుంచే.”

“ఎన్ని?”

“తెలియదు. అవి ఉంటే ఏం చేస్తాయో కూడా ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు.”

ఆయన తల ఊపాడు, మొదటి పక్షి పొట్ట నొక్కి ఊపినట్టు కాదు. ఎవరో అప్పజెప్పిన పని ఒప్పుకున్నట్టు. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. ఇప్పటికీ తేల్చుకోలేను.

అండాలమ్మ మా వెనక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఆమె మట్టయ్య వైపు చూసి, ఇరవై నాలుగు రోజుల తర్వాత మొదటి మాట అంది:

“పో. చేతులు గడుక్కొని రాపో. తాత ఎత్తుకుంటలేడని పిల్ల ఏమనుకుంటది?”

మట్టయ్య నడవా చివరి నల్లా దగ్గరికి పోయి, మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కున్నాడు, గోళ్ల సందులు కూడా. తిరిగొచ్చి, తలుపు ముందు ఆగి, చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

“ఏయ్ పెద్దాయనా, ఏం జేస్తున్నవ్? అంగీ ఏస్కో, ఇది దవాఖాన!” అంది నర్సు.

“గిది నూలు గాదమ్మా.”

ఆమెకు అర్థం కాలేదు. అండాలమ్మ ఆయన చేతిలోంచి చొక్కా తీసుకుంది. తన సంచిలోంచి పాత నూలు తువ్వాలు తీసి, రెండుసార్లు దులిపి, వెలుతురుకు ఎత్తి చూసి, ఆయన భుజాల మీద కప్పింది.

నర్సు గొణుక్కుంటూ పిల్లను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దగ్గరికి హత్తుకోలేదు. రెండు అరచేతుల మీద, ఛాతీకి బెత్తెడు దూరంలో, ఊపిరి కూడా అటు పోనివ్వకుండా ముఖం కొంచెం పక్కకు తిప్పి పట్టుకున్నాడు. పిల్ల చెయ్యి ఒకటి గుడ్డలోంచి బయటికి వచ్చి గాల్లో చాపుకుంది.

“దగ్గరికి తీస్కో,” అంది అండాలమ్మ. “సలివెడ్తది.”

ఆయన తీసుకోలేదు. కాసేపు అట్లాగే నిలబడ్డాడు, చేతులు లాగుతున్నా. తర్వాత పిల్ల ఏడ్చింది. సన్నగా, పెద్దగా కాదు. అప్పుడు తీసుకున్నాడు.